వెనక చక్రం పట్టినవాడు

పింకీ, శివా,

ఈ కథ మీరు ఎప్పుడూ వినలేదు. మూడేళ్లుగా నేను చెప్పలేదు. మొన్న ఫోన్‌లో పింకీ సైకిల్ అడిగింది. ట్యూషన్‌కు వెళ్లే పిల్లలందరికీ ఉంది, నాకే లేదు అంది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. “నువ్వు మాత్రం వంద కిలోమీటర్లు తొక్కేవాడివి కదా నాన్నా” అని కోపంగా పెట్టేసింది. ఆ మాట తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను. దీన్ని పగటిపూట చదవండి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి.

అమ్మకు ఉట్నూరు బడి నుంచి బదిలీ రాలేదు. నాకు హైటెక్ సిటీ వదిలితే ఉద్యోగం లేదు. అందుకే మీరు ముగ్గురూ అక్కడ, నేను నిజాంపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఇక్కడ. సెలవు రోజు ఆ గదిలో ఒక్కడినే ఉంటే భయాలు తప్ప ఇంకేమీ తోచదు. గ్యాస్ కట్టేశారా, గేటు వేశారా, శివకు దగ్గు తగ్గిందా. అమ్మ విసుక్కునేదాకా ఫోన్లు చేసేవాణ్ని. ఆ భయాల నుంచి తప్పించుకోవడానికే సైకిల్ కొన్నాను.

మా ఆఫీసులో హేమంత్ అని ఉండేవాడు. వయసులో నాకంటే చిన్న, నోటికి తాళం లేని మనిషి. అతనే నన్ను మహేశ్ సైకిల్ బృందంలో చేర్చాడు. మహేశ్‌ది పుప్పాలగూడ. వాళ్ల నాన్న జొన్న వేసిన చేలో ఇప్పుడు ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. శంకర్‌పల్లి నుంచి అనంతగిరి కొండల దాకా ప్రతి ఎత్తూ ప్రతి దిగుడూ అతనికి కంఠతా వచ్చు.

మొదటిరోజే మహేశ్ కొన్ని నేర్పాడు. సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి వరుసగా పోవాలి. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు. అతని వెనక చక్రానికి మూరెడు దూరంలో మన ముందు చక్రం పెడితే మనకు గాలి తగలదు. చాలా బలం మిగులుతుంది. దాన్ని అతను చక్రం పట్టడం అనేవాడు. అలా పోతున్నప్పుడు తల తిప్పి వెనక్కి చూడకూడదు. తల తిరిగితే హ్యాండిల్ తిరుగుతుంది, వరుస మొత్తం పడుతుంది. గుంత వస్తే ముందున్నవాడు వేలితో చూపించి “గుంత” అనాలి. వెనకవాడు విన్నట్టుగా అదే మాట అనాలి. ముందున్నవాడు అలసిపోతే కుడి మోచేతిని ఒకసారి బయటికి ఆడించి ఎడమకు తప్పుకోవాలి. అప్పుడు వెనకవాడు ముందుకు వచ్చి గాలిని తాను తీసుకుంటాడు.

“ఇంకొకటున్నది,” అన్నాడు మహేశ్. “నడిమి నడిమిల ముందున్నోడు ‘ఉన్నవా’ అని అడగాలె. ఎన్కున్నోడు ‘ఉన్నా’ అనాలె. జవాబు వస్తె పోతనే ఉండాలె. రాకుంటె ఆగి, ఎన్కకు మల్లి, దొరికేదాంక ఎతకాలె. ఎవ్వన్నీ తొవ్వల ఇడిచిపెట్టద్దు.”

“పెండ్లాం గూడ గిన్నిసార్లు అడగదన్నా,” అన్నాడు హేమంత్.

“నీకు పెండ్లే కాలె, నీకేం ఎరుక రా?”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

డిసెంబర్ మూడో ఆదివారం. నార్సింగి దగ్గర ఒక టీ కొట్టు ముందు తెల్లవారుజామున నాలుగింటికి తొమ్మిది మందిమి కలిశాం. అనంతగిరి కొండ ఎక్కి మధ్యాహ్నానికి తిరిగి రావాలని. అంత చీకటితో బయల్దేరకపోతే ఆ ఇరుకు రోడ్డు మీద లారీలు మమ్మల్ని బతకనివ్వవు.

ఆ రోజు దారికి మా మీద మొదటి నుంచే పగ ఉన్నట్టుంది. కోకాపేట దాటగానే ఒక కారు మమ్మల్ని రాసుకుంటూ పోయింది. అందులోంచి ఎవడో నీళ్ల సీసా విసిరి నవ్వాడు. శంకర్‌పల్లిలో కుక్కలు పిక్కల దాకా వచ్చాయి. ఊరు దాటాక పొగమంచు మొదలైంది. మహేశ్, మిగతావాళ్లు వేగంగా వెళ్లే మనుషులు. “వికారాబాద్‌ల కలుద్దాం” అని ముందుకు వెళ్లిపోయారు. వాళ్ల ఎర్ర లైట్లు ఒక్కొక్కటే మంచులో ఆరిపోయాయి.

ముందు నేను. నా చక్రం పట్టి హేమంత్.

“అన్నా, నీ నెత్తి మీది లైటు జర కిందికి పెట్టు. ఎదురొచ్చెటోడు దయ్యమనుకుంటడు.”

“నీ లైటే నయం. పెళ్లి పందిరి లాగా ఉంది.”

నిజంగానే అతని లైటు ఎంత పెద్దదంటే, నా నీడ నాకంటే ముందు రోడ్డు మీద పొడుగ్గా పరుగెత్తేది.

శంకర్‌పల్లి దాటాక ఒక పెద్ద దిగుడు ఉంది. తొక్కకుండా వదిలేస్తే సైకిల్ దానంతట అదే దూసుకుపోతుంది. చెవుల మీదికి ఉన్ని టోపీ లాక్కుని, హెల్మెట్ బిగించుకుని దిగాను. చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. కింద వాగు మీది కల్వర్టు దాటి, ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాక హోరు తగ్గింది.

“ఉన్నవా?” అన్నాను.

చైను చప్పుడు మాత్రం.

“ఉన్నా.”

సరే అనుకుని తొక్కాను. రెండు వైపులా చేలు ఉన్నాయని వాసన బట్టి తెలుస్తోంది. తడిసిన మట్టి, ఎండిన పత్తి కట్టె. ఎక్కడో ఒక మోటారు ఆగి ఆగి మొత్తుకుంటోంది. నా లైటు పది అడుగులు కూడా పోవడం లేదు. ముందు తెల్లటి గోడ. దాంట్లోకే పోతున్నాను.

“గుంత,” అన్నాను వేలు చూపించి.

“గుంత.”

నేను ఎలా అన్నానో అలాగే అంది వెనక గొంతు. అంతే ఎత్తులో, అంతే పొడవులో.

ఇంకాస్త దూరం పోయాక వెనక నుంచి ప్రశ్న వచ్చింది.

“పిల్లలెందరు?”

నాకు నవ్వొచ్చింది. మీ సంగతులు హేమంత్‌కు తెలియనివి కావు. కానీ చలిలో నిద్ర ముంచుకొస్తే ఏదో ఒకటి మాట్లాడించడం మాకు అలవాటే. “నిద్ర వస్తుందా?” అన్నాను.

“చెప్పు.”

గొంతు బొంగురుగా ఉంది. మంచుకు పట్టేసిందనుకున్నాను.

చెప్పాను. పింకీ ఆరో తరగతి అనీ, శివ మూడో తరగతి అనీ. పింకీకి లెక్కలంటే భయమనీ, శివకు చీకటంటే భయమనీ. ఆ గొంతు ఎక్కువ మాట్లాడలేదు. నేను ఆగినప్పుడల్లా ఒక్క మాట వేసేది.

“ఇల్లు?”

నీళ్ల ట్యాంకు పక్క సందులో అన్నాను. ఆకుపచ్చ గేటు, వానలకు తుప్పు పట్టి గడియ సరిగా పడదు, బాగు చేయించాలి అన్నాను.

“ఏడ పండుకుంటరు?”

ముందు గదిలో, కిటికీ పక్కన.

“తల్లి?”

పొద్దున ఐదున్నరకు నల్లా నీళ్లు వస్తాయి, అప్పుడు వెనక దొడ్లో ఉంటుంది, అరగంట పైనే పడుతుంది అన్నాను.

పిల్లలూ, నేను పక్కింటివాళ్లకు మన ఊరి పేరు కూడా చెప్పని మనిషిని. మీ ఫొటో ఫోన్‌లో ఎక్కడా పెట్టను. అలాంటివాణ్ని, ఆ చీకట్లో, వెనకున్న మనిషి ముఖం చూడకుండా అన్నీ చెప్పాను. ముఖం కనిపించకపోతే మాట ఎంత సులువుగా వస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఏ తండ్రీ చేయని తప్పు చేశాను. దానికి క్షమాపణ అడిగే అర్హత కూడా నాకు లేదు.

ఆ ఎత్తు అయిపోగానే ఇంకో ఎత్తు వచ్చింది. ఎదురుగాలి మొదలైంది. తొడలు మండుతున్నాయి. మోమిన్‌పేట తొమ్మిది కిలోమీటర్లు అని రాతి మీద కనిపించింది. ఇక నా వల్ల కాలేదు. కుడి మోచేయి బయటికి ఆడించి ఎడమకు తప్పుకున్నాను.

అది నా పక్క నుంచి ముందుకు వచ్చింది.

ముందు వాసన వచ్చింది. వానకు తడిసి నెలల తరబడి మూలన పడి ఉన్న గోనెసంచి వాసన. తర్వాత చలి, కుడి చెంప ఒక్కటే మొద్దుబారేంత చలి. చైను చప్పుడు నా మోకాలి పక్కగా జరిగింది. హ్యాండిల్ దాటింది. ముందు చక్రం దాటింది...

సైకిల్ లేదు. మనిషి లేడు.

చప్పుడు మాత్రం నా ముందు సర్దుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. నా నీడ. దిగుడు దిగినప్పటి నుంచి నా ముందు రోడ్డు మీద నా నీడ లేదు. వెనక హేమంత్ లైటు ఉంటే నీడ పడాలి. ఎంతసేపటి నుంచి లేదు?

అంతలో గాలి ఆగిపోయింది. అటూ ఇటూ తుమ్మ చెట్లు ఊగుతూనే ఉన్నాయి. నాకు ఒక్కడికే గాలి తగలడం లేదు. ఎవరో పెద్ద మనిషి ముందు అడ్డుగా పోతున్నట్టు. కాళ్లు తేలికైపోయాయి. ఎత్తు మీద కూడా వేగం ముప్పై చూపిస్తోంది హ్యాండిల్ మీది మీటరు. తర్వాత ముప్పై ఎనిమిది. నేను తొక్కడం ఆపేశాను. ముప్పై ఎనిమిదే.

బ్రేక్ నొక్కాను. చక్రాలు అరిచాయి. వేగం తగ్గలేదు.

“గుంత,” అంది ముందు నుంచి.

నిజంగానే గుంత. తప్పించాను. ఎందుకు తప్పించానో తెలియదు. అలవాటు.

“ఉన్నవా?”

“ఉన్నా,” అన్నాను.

అదీ అలవాటే. నోరు దానంతట అదే అంది.

అది నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. నేను చెప్పినవన్నీ, చెప్పిన వరుసలోనే. నీళ్ల ట్యాంకు. సందు. ఆకుపచ్చ గేటు. పడని గడియ. ముందు గది. కిటికీ. గుర్తు పెట్టుకోవడానికి పిల్లలు ఎక్కం చదివినట్టు.

చివర ఇంకొకటి చెప్పింది.

“చిన్నోడు గోడ దిక్కు మల్లి పండుకుంటడు.”

అది నేను చెప్పలేదు.

లైటులో ఇంకో రాయి వచ్చింది. పసుపు, తెలుపు రంగు వేసిన మామూలు కిలోమీటరు రాయి. దాని మీద మోమిన్‌పేట లేదు.

ఉట్నూరు 12.

మీ ఊరు ఆ రోడ్డుకు మూడు వందల కిలోమీటర్ల దూరం. కళ్లు నులుముకున్నాను. ఇంకో రాయి. ఉట్నూరు 9. రోడ్డు పక్క తుమ్మలు పోయాయి... టేకు చెట్లు... మన దారిలో ఉండే టేకు చెట్లు...

“ఉన్నవా?”

“ఉ...” అని నాలుక మీదికి వచ్చింది. పళ్లతో నాలుక కొరుక్కున్నాను. రక్తం ఉప్పగా తగిలింది.

అది మీ దగ్గరికి పోతోంది. నేను జవాబిస్తున్నంతసేపు పోతూనే ఉంటుంది. మహేశ్ చెప్పిందే. జవాబు రాకపోతే ఆగాలి. వెనక్కి మళ్లాలి. దొరికేదాకా వెతకాలి. అది మా వరుసలో చేరింది. మా మాటలు పట్టుకుంది. మా పద్ధతీ పట్టుకుని ఉంటే... వెనక్కి వస్తుంది. నా కోసం వస్తుంది. మీ దగ్గరికి పోదు.

ఉట్నూరు 6.

“ఉన్నవా?”

నేను పలకలేదు.

“ఉన్నవా?”

పలకలేదు.

ముందు చప్పుడు ఆగింది. ఒక్కసారిగా గాలి గోడలాగా వచ్చి ముఖానికి కొట్టింది. సైకిల్ ఊగిపోయింది. హ్యాండిల్ ఎడమకు లాగి కాలువ మీదుగా చేలోకి పడిపోయాను. మోచెయ్యి రాయికి తగిలి చర్మం లేచింది. ఎండిన పత్తి కట్టెల మధ్య బోర్లా పడి, తల మీది లైటు ఆర్పి, అరచేత్తో నోరు మూసుకున్నాను.

కిర్ర్... కిర్ర్...

రోడ్డు మీద చైను వెనక్కి వస్తోంది. తొందరేమీ లేదు దానికి.

“అన్నా, ఉన్నవా?” హేమంత్ గొంతు.

“ఉన్నవా సారూ?” మహేశ్ గొంతు.

కాలువ దగ్గర ఆగింది. గోనె వాసన. పత్తి కట్టె ఒకటి విరిగింది. ఇంకొకటి. నా కాళ్ల వైపు నుంచి. నా పక్కకు వచ్చింది. వంగినట్టు చెవికి చలి తగిలింది.

“నాన్నా... ఉన్నవా?”

పింకీ, అది నీ గొంతు. నీకు జ్వరం వచ్చి అర్ధరాత్రి ఫోన్ చేసినప్పుడు ఎలా పిలిచావో అదే గొంతు. “నాన్నా, భయమైతుంది... ఉన్నవా?” నేను చెయ్యి కొరికాను. నువ్వు అంతలా పిలిస్తే నేను పలకకపోవడం నా జన్మలో అదొక్కసారే.

ఎంతసేపు పిలిచిందో తెలియదు. కళ్లు తెరిచేసరికి తెల్లారింది. పత్తి ఏరడానికి వచ్చిన ఒక ముసలామె నడుముకు ఒడి కట్టుకుని నా మీద నిలబడి ఉంది. పేరు మల్లమ్మ అని తర్వాత చెప్పింది. ముందు తిట్టింది.

“ఏందిది? తాగి పడ్డవా? ఏరేటిదంత తొక్కి ఆగం జేస్తివి. మీ పట్నపోళ్లకు మా చేన్లే దొరికినయా?”

నేను కూర్చున్నాను.

“ఒర్లుడైతె మంచిగ ఒర్లినవ్. నేను గుడిసెల ఉన్నప్పటి సంది ఇంటున్న. ఉన్నవా, ఉన్నవా అని. ఎవ్వల్ని పిలుస్తున్నవ్?”

“నేను పిలవలేదమ్మా,” అన్నాను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఒడిలో పత్తి కింద పడిపోయింది.

“గిదే గొంతు,” అంది. “గీ గొంతే.” ఇంకేమీ అడగలేదు. చేను దిక్కు కూడా చూడకుండా వెళ్లిపోయింది.

ఫోన్ తీశాను. హేమంత్ నుంచి పద్నాలుగు కాల్స్. మొదటిది ఐదూ ఐదుకు. శంకర్‌పల్లి దిగుడు మీదే ట్యూబు పేలిందట, తర్వాత చెప్పాడు. అరిచాడట. నాకు వినిపించలేదు. కల్వర్టు దగ్గర నాకు “ఉన్నా” అన్న జవాబు వచ్చినప్పుడు అతను రెండు కిలోమీటర్ల వెనక, చీకట్లో ట్యూబు మారుస్తూ ఉన్నాడు.

అప్పుడు మాత్రం అతనికి తిరిగి చేయలేదు. అమ్మకు చేశాను.

“పిల్లలెక్కడ?”

“పండుకున్నరు. ఆదివారం గదా. ఏమైంది, గంత రొప్పుతున్నరు?”

“ఇద్దరూ బాగున్నారా? చూసి చెప్పు.”

“సూస్తనే ఉన్న. మంచిగున్నరు.” అమ్మ నవ్వింది. “మీ కొడుకైతే పొద్దుగాల మిమ్మల్ని ఒకటే కలవరిచ్చిండు. నేను నల్లా కాడ ఉన్న. ఇంట్లకెళ్లి ఇనవడ్డది. ‘ఉన్నా నాన్నా, ఉన్నా’ అంటున్నడు. ఉరికొచ్చి చూస్తె మంచం మీద కూసున్నడు. కండ్లు మూసుకునే, కిటికీ దిక్కు మొఖం పెట్టి.”

“ఎన్ని గంటలకు?”

“ఆరు గాలె ఇంక.”

నేను చేలో నోరు మూసుకున్న సమయం.

ఆ సాయంత్రమే చేతికి కట్టుతో చెప్పాపెట్టకుండా వచ్చాను, మీకు గుర్తుండే ఉంటుంది. సెలవు దొరికిందన్నాను. గడియ బాగు చేయించాను. ముందు గది కిటికీ అద్దం మీద, పెద్దవాడి నోటి ఎత్తులో, ఊపిరి వదిలినట్టు తెల్లటి మరక ఉంది. లోపల తుడిచాను. బయట తుడిచాను. పోలేదు. మీరు నిద్రపోయాక మేకులు ఊడదీసి ఆ అద్దాన్నే తీసేశాను. దీపం కింద పెట్టి చూస్తే అద్దం తేటగా ఉంది. కిటికీ చట్రంలో, అద్దం లేని ఖాళీలో, ఆ తెల్లటి ఆవిరి అలాగే నిలబడి ఉంది. చిన్నదవుతూ, పెద్దదవుతూ. నెమ్మదిగా.

అందుకే మీ మంచాలు వెనక గదిలోకి మార్పించాను. ముందు గది చల్లగా ఉంటుందని అమ్మకు అబద్ధం చెప్పాను. ఆ గది మీరు తెరవద్దు.

ఇప్పుడు ఒక మాట వినండి. వెనక నుంచి గానీ, కిటికీ అవతల నుంచి గానీ నా గొంతుతో “ఉన్నవా” అని వినిపిస్తే పలకవద్దు. నేను మిమ్మల్ని ఎప్పుడూ అలా పిలవను. ఎదురుగా వచ్చి, ముఖం చూపించి, పేరు పెట్టి పిలుస్తాను. శివా, నువ్వు ఆ రోజు ఎవరికి జవాబిచ్చావో నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడూ అడగను. నువ్వూ గుర్తు తెచ్చుకోవద్దు.

ఈ సంగతి మీ బడిలో సైకిళ్ల మీద వచ్చే పిల్లలకు చెప్పండి. వాళ్ల తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పమనండి. వెనక వస్తున్నది ఎవరో చూడకుండా ఇల్లెక్కడో, పేరేమిటో చెప్పొద్దని చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఎదురుగా కూర్చున్నవాళ్లను ఒకసారి లెక్కపెట్టుకుని చెప్పండి.